వైన్ గురించి చదివింది చాలానే ఉంది, గ్లాసు ముందు కూర్చుంటే ఏమీ తోచడం లేదు

గచ్చిబౌలి_గ్లాసు
డబ్ల్యూఎస్‌ఈటీ (లండన్ వాళ్ల వైన్ కోర్సు) రెండో లెవెల్ ఆన్‌లైన్‌లో చదివి పాసయ్యాను. 50 ప్రశ్నలు, అన్నీ ఆప్షన్లవే, 55 శాతం వస్తే గట్టెక్కినట్టే. ఏ ప్రాంతం వైన్ ఏ ద్రాక్షదో అంతా కంఠతా: బర్గండీ ఎరుపు అంటే పినో న్వార్, తెలుపు అంటే షార్డొనే, రియోహా అంటే టెంప్రనీయో, శాన్సేర్ అంటే సావిన్యాన్ బ్లాంక్. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. తీరా ఒక ఫ్రెండ్ లేబుల్స్ దాచేసి రెండు గ్లాసులు ముందు పెట్టి, "వీటిలో షిరాజ్ ఏది, క్యాబర్నే ఏది" అని అడిగితే నోరు పెగల్లేదు. రెండూ ఎర్రగా ఉన్నాయి, రెండూ వగరుగా ఉన్నాయి. అంతే.

ఇప్పుడు మూడో లెవెల్‌కి ఫీజు కట్టాలా? క్లాసుల కోసం ముంబై, ఢిల్లీ, బెంగళూరు వైపు తిరగాల్సి వస్తోంది. లేదంటే ఆ డబ్బుతో నాసిక్ వెళ్లి తోటలు చూసి రావాలా? రెండూ మానేసి సీసాలు కొనుక్కుని ఇంట్లో కూర్చోవాలా? ఇంట్లో మాత్రం "తాగడానికి కూడా కోచింగ్ ఏంట్రా" అంటున్నారు.

తాటివనం
ఇంట్లో వాళ్లు కరెక్టే అన్నారు కదా బ్రో.

అమీర్‌పేట_అకౌంట్స్
ఈ కోచింగ్ అమీర్‌పేటలో ఇంకా మొదలవలేదంటే నాకే ఆశ్చర్యంగా ఉంది. మైత్రివనం పక్కన బోర్డు: "45 రోజుల్లో సొమెలియే (హోటల్లో వైన్ నిపుణుడు), వంద శాతం ప్లేస్‌మెంట్, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ మేమే పెడతాం."

వగరు_పిల్ల
నీ ఫ్రెండ్ అడిగిన ప్రశ్నే సరైనది కాదు. ద్రాక్ష పేరు చెప్పడం చివరి మెట్టు. మొదట చెప్పాల్సింది గ్లాసులో ఏముందన్నది. నేను మూడో లెవెల్ చేశాను కాబట్టి చెప్తున్నా. అందులో థియరీ వేరు, టేస్టింగ్ వేరు, రెండింట్లోనూ విడివిడిగా పాసవ్వాలి. లేబుల్ లేకుండా రెండు వైన్లు ఇస్తారు, వాటి గురించి ఒక పద్ధతిలో రాయాలి. రంగు, వాసన, రుచి, చివర్లో క్వాలిటీ ఎలా ఉందో తీర్పు. మార్కులన్నీ ఈ వర్ణనకే. పద్ధతి చేతికి రాకుండా ఫీజు కడితే థియరీ గట్టెక్కుతుంది, గ్లాసు దగ్గర మళ్లీ ఇదే సీను.

ముందు నాలుకకి కొలతలు నేర్పించాలి. దానికి వైన్ కూడా అక్కర్లేదు.

పులుపు: లీటరు నీళ్లలో ఒక దాంట్లో పావు చెక్క, ఒక దాంట్లో అర, ఒక దాంట్లో మొత్తం నిమ్మచెక్క పిండండి. ఒక్కొక్కటీ పుక్కిలించి ఉమ్మేశాక తల కొంచెం ముందుకు వంచి నోరు తెరిచి ఉంచండి. లాలాజలం ఎంత వేగంగా ఊరుతోందో అదే పులుపు. "పుల్లగా ఉంది" అన్న ఫీలింగ్‌ని నమ్మకండి, తీపి దాన్ని కప్పేస్తుంది.

వగరు: టీ ఆకు రెండు నిమిషాలు నాననిచ్చి ఒక కప్పు, పది నిమిషాలు నాననిచ్చి ఇంకో కప్పు, పాలు చక్కెర లేకుండా. పై పెదవి వెనకాల చిగుళ్ల మీద నాలుక ఆనించి చూడండి. గరుకుగా పట్టేస్తే టానిన్, అంటే వగరునిచ్చే పదార్థం, ఎక్కువున్నట్టు. ఇరానీ హోటల్లో పాలు కలపని డికాషన్ అడిగి చూడండి, గంటల తరబడి మరిగింది కాబట్టి అంతకు మించిన టానిన్ ఊళ్లో దొరకదు.

తీపి: డ్రై (తీపి లేని) వైన్ 50 మి.లీ. తీసుకుని అర గ్రాము పంచదార కలిపితే లీటరుకి 10 గ్రాముల లెక్క అవుతుంది. కలపనిదాన్ని పక్కన పెట్టుకుని తాగండి.

ఆల్కహాల్ గొంతులో మంటగా తెలుస్తుంది, దానికి ట్రైనింగ్ అవసరం లేదనుకుంటా మన వాళ్లకి.

గచ్చిబౌలి_గ్లాసు
అక్కా, "రంగు, వాసన" అంటే అసలు ఏం రాస్తారో ఒక శాంపిల్ పెట్టగలరా? నా నోట్స్‌లో "బాగుంది", "అంత బాగాలేదు" తప్ప ఇంకేమీ లేవు.

వగరు_పిల్ల
నిన్న ఒక నాసిక్ సావిన్యాన్ బ్లాంక్ తెరిచా, దాని నోట్ అలాగే పెడుతున్నా:

"రంగు లేత నిమ్మ, తేటగా ఉంది. వాసన మధ్యస్థం కంటే కాస్త ఎక్కువ: పచ్చి జామ, కోసిన గడ్డి, కాప్సికం, చివర్లో బత్తాయి తొక్క. ఓక్ చెక్క పీపా జాడ లేదు. తీపి లేదు. పులుపు ఎక్కువ. ఆల్కహాల్ మధ్యస్థం. బాడీ (నోట్లో బరువు) తేలిక. మింగాక రుచి ఐదారు సెకన్లలో పోయింది. తీర్పు: బాగుంది, అంతకు మించి కాదు. కారణం: పులుపు, పండు సమంగా ఉన్నాయి కానీ వాసనలన్నీ ఒకే వైపువి, ఎక్కువసేపు నిలవలేదు. ఇప్పుడే తాగేయాలి, దాచడానికి పనికిరాదు."

"కారణం" దగ్గరే మనుషులు ఆగిపోతారు. నచ్చిందా లేదా అన్నది వేరే కాలమ్‌లో రాసుకో. నాకు నచ్చని వైన్ గొప్పది కావచ్చు, అది ఒప్పుకుంటూ రాయడమే కష్టం.

చాదర్‌ఘాట్_చమత్కారం
పచ్చి జామ వాసన కోసం అంత ఖర్చా? అఫ్జల్‌గంజ్ బస్టాప్‌లో పది రూపాయలకి ఉప్పుకారం వేసి మరీ ఇస్తారు.

హోటల్_బాబాయ్
పెద్ద హోటల్ ఎఫ్ అండ్ బీలో (ఫుడ్ అండ్ బెవరేజ్) చాలా ఏళ్లు చేశాను. వగరు_పిల్ల చెప్పిన పద్ధతి మంచిదే. కానీ సర్టిఫికెట్‌ని అంత తేలిగ్గా తీసేయకండి. మా ఫీల్డ్‌లో ఇంటర్వ్యూలో మొదట అడిగేది అదే. గచ్చిబౌలి తమ్ముడు ఈ ఫీల్డ్‌లోకి రావాలనుకుంటే లెవెల్ 3 చేయాలి. సరదాకైతే అక్కర్లేదు. ముందు అది తేల్చుకో.

సాధనకి మేము స్టాఫ్‌కి పెట్టే పరీక్ష చెప్తాను. మూడు గ్లాసులు. రెండింట్లో ఒకే వైన్, మూడోదాంట్లో వేరేది. తేడాది ఏదో పట్టుకోవాలి. పేర్లు అక్కర్లేదు. కళ్లకి గుడ్డ కట్టుకోనక్కర్లేదు, కానీ పోసేవాడు వేరే గదిలో పోయాలి. మా దగ్గర ధర చూసి తెగ వర్ణించే కుర్రాళ్లు ఈ పరీక్షలో తడబడేవాళ్లు. ఏమీ మాట్లాడని ఒక కిచెన్ స్టీవార్డ్ ప్రతిసారీ కరెక్టుగా చెప్పేవాడు. ముక్కు ఉన్నవాడికి మాటలు నేర్పొచ్చు.

ఇంకోటి, ఉమ్మేయండి. సిగ్గుపడొద్దు. నాలుగో గ్లాసు తర్వాత అన్నీ బాగుంటాయి.

గచ్చిబౌలి_గ్లాసు
ఫీల్డ్ మారే ఉద్దేశం లేదు బాబాయ్. సాఫ్ట్‌వేరే. సరదాగా మొదలై కాస్త పిచ్చిగా మారింది, అంతే.

తాటివనం
సాఫ్ట్‌వేర్ వాళ్లకి అన్నిటికీ సర్టిఫికేషన్ కావాలి. రేపు బిర్యానీకి కూడా లెవెల్ 1, లెవెల్ 2 పెడతారు.

సరే జోకులు పక్కన పెట్టి ఒక మాట. పులియడం అంటే ఏంటో తెలియాలంటే వైన్ కంటే కల్లు బాగా నేర్పుతుంది. పొద్దున చెట్టు దించిన వెంటనే తాగితే తీపి. మధ్యాహ్నానికి నురగ, కొంచెం ఘాటు. సాయంత్రానికి పులుపు. చక్కెర తగ్గుతూ ఆల్కహాల్ పెరగడం, తర్వాత పుల్లబడడం అన్నీ ఒక్క రోజులో నాలుకకి తెలుస్తాయి. అసలు పులియనిది ఎలా ఉంటుందో చూడాలంటే నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ ఉంది.

వగరు_పిల్ల
తాటివనం చెప్పింది నిజంగా పనికొచ్చే మాట. నేను ఆటపట్టిస్తారనుకున్నా. వైన్‌లో ఆ ఆఖరి పులుపు, అంటే వెనిగర్ వైపు పోయేది, లోపం కింద లెక్క. మామూలుగా ఉండే టార్టారిక్ పులుపు వేరు, అది ద్రాక్షలోనే ఉంటుంది. ఈ రెండు పులుపుల మధ్య తేడా కల్లు తాగిన వాళ్లకి త్వరగా అర్థమవుతుంది.

బేగంబజార్_ముక్కు
వాసనల గురించి ఎవరూ మాట్లాడలేదే. ఫ్రాన్స్ నుంచి 54 వాసనల సీసాల పెట్టె ఒకటి వస్తుంది, ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. హైదరాబాద్‌లో ఉండి అది కొనడం దండగ. బేగంబజార్‌లో లవంగం, జాజికాయ, జాపత్రి, అనాసపువ్వు, దాల్చినచెక్క తలా పాతిక రూపాయలకి పొట్లం కట్టించుకోండి. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో గులాబీ, మల్లె. చార్మినార్ దగ్గర అత్తరు కొట్లో కూర్చుంటే దూదిపుల్లకి అద్ది ఒక్కొక్కటీ చేతి మీద రాస్తారు. "మిట్టీ" అడగండి, తొలివాన వాసన. వైన్ పుస్తకాల్లో "మట్టి వాసన" అని రాసింది చదివి తల గోక్కునేవాళ్లకి అక్కడ తేలిపోతుంది.

ఇంటికి తెచ్చి మూత ఉన్న చిన్న డబ్బాల్లో వేసి, అడుగున పేరు రాసి, కలిపేసి, రోజూ పొద్దున కాఫీకి ముందు నాలుగు వాసన చూడండి. నాకు లవంగం, జాపత్రి కలిసిపోయేవి. ఇప్పుడు విడిపోయాయి.

గచ్చిబౌలి_గ్లాసు
మిరియాల డబ్బా కూడా పెట్టాలా? షిరాజ్‌లో మిరియాల వాసన ఉంటుందని పుస్తకంలో ఉంది, నాకు ఎప్పుడూ రాలేదు.

బేగంబజార్_ముక్కు
పెట్టు, కానీ మిరియం వాసన రాకపోతే కంగారు పడకు. షిరాజ్‌లో ఆ వాసనకి కారణం రొటండోన్ అనే పదార్థం, నిజం మిరియాల్లో ఉండేదీ అదే. దాదాపు ఐదుగురిలో ఒకరి ముక్కుకి అది పట్టదు. పైగా చల్లని చోట పండిన షిరాజ్‌లో అది ఎక్కువ, వేడి చోట తక్కువ. మన దగ్గర దొరికే షిరాజ్‌లో రాలేదంటే తప్పు నీ ముక్కుది అని అనలేం.

జెఎన్‌టీయూ_కెమిస్ట్రీ
పై పోస్టుకి కొనసాగింపు. క్యాబర్నేలో కాప్సికం వాసన పైరజీన్ వల్ల. పండు పక్వానికి వచ్చేకొద్దీ, గుత్తికి ఎండ తగిలేకొద్దీ అది తగ్గుతుంది. వెన్న వాసన డయాసెటిల్, మాలిక్ ఆమ్లం లాక్టిక్‌గా మారేటప్పుడు వచ్చేది. పాత రీస్లింగ్‌లో (తెల్ల ద్రాక్ష రకం) పెట్రోల్ వాసన టీడీఎన్ అనే పదార్థం వల్ల. తడి అట్టపెట్టె వాసన వస్తే బెరడు మూత పాడైంది, టీసీఏ అంటారు, ఆ సీసా వెనక్కిచ్చేయొచ్చు. పైన చెప్పిన మిరియంతో కలిపి ఈ ఐదూ వస్తే సగం పని అయినట్టే.

అమీర్‌పేట_అకౌంట్స్
పెట్రోల్ వాసన వస్తే మంచి వైనా? మా గల్లీ మెకానిక్ షాపు పేరు మార్చాలి ఇక.

శామీర్‌పేట_రైతుబిడ్డ
తోట సంగతి అడిగారు కాబట్టి. మా నాయన ద్రాక్ష పెట్టినోడే. శామీర్‌పేట, మేడ్చల్, కొంపల్లి పక్కన ఒకప్పుడు ఎటు చూసినా పందిళ్లే. అనాబ్-ఎ-షాహి. హైదరాబాద్ అంటే ఆ పండే. ఇప్పుడు అక్కడ వెంచర్లు, ఫంక్షన్ హాళ్లు ఉన్నాయి.

మస్తు మంది అడుగుతరు, ఆ ద్రాక్షతో వైన్ ఎందుకు చేయలేదని. తినే పండు లెక్క వేరు. అనాబ్-ఎ-షాహి పెద్ద కాయ, పల్చటి తొక్క, నీళ్లు ఎక్కువ. హెక్టారుకు 35 టన్నులు కాసేది. వైన్ ద్రాక్ష చిన్న కాయ, మందం తొక్క, గింజలు. రంగు, వగరు రెండూ తొక్కల నుంచే రావాలి కదా. మంచి వైన్ కోసం అయితే ఎకరానికి నాలుగైదు టన్నుల దగ్గర ఆపేస్తరు, ఎక్కువ గుత్తులుంటే కోసి కింద పారేస్తరు. మా నాయన నాసిక్‌ల అది చూసి ఒప్పుకోలేదు. "పచ్చి గుత్తి నేల మీద పారేసేటోడు రైతెట్లయితడు" అన్నడు.

ఇంకొకటి, కత్తిరింపు. యూరప్‌ల తీగ చలికాలం నిద్ర పోతది. మన దగ్గర చలి సరిపోదు, తీగ నిద్ర పోదు. అందుకే ఏడాదికి రెండు కత్తిరింపులు. ఏప్రిల్ దగ్గర ఒకటి, అది కాడ కోసం. వానలు వెనక్కి తగ్గినంక సెప్టెంబర్-అక్టోబర్‌ల రెండోది, అది పంట కోసం. జనవరి నుంచి మార్చి దాకా కోత. వానాకాలం గుత్తి ఉంటే బూజు తెగులు వదలదు. పుస్తకంల సెప్టెంబర్ కోత అని చదివి సెప్టెంబర్‌ల నాసిక్ పోతే ఆకులు తప్ప ఏం కనపడవు.

గచ్చిబౌలి_గ్లాసు
ఈ కత్తిరింపు సంగతి నా పుస్తకంలో రెండు లైన్లు కూడా లేదన్నా. థాంక్స్.

దేవగిరి_స్లీపర్
నాసిక్ ఎలా వెళ్లాలో చెప్తా. సికింద్రాబాద్ వైపు నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాందేడ్, ఔరంగాబాద్ (ఇప్పుడు ఛత్రపతి సంభాజీనగర్), మన్మాడ్ మీదుగా నాసిక్ రోడ్‌లో దింపుతుంది. కాచిగూడ నుంచి అజంతా అయితే మన్మాడ్ వరకే. వైనరీల్లో సూలా, యార్క్ రెండూ గంగాపూర్ డ్యామ్ వైపే. షాందోఁ దిండోరి వైపు. వలోనే ఇగత్‌పురి రోడ్డులో. అన్నీ ఒకే రోజు చుట్టేద్దామనుకోవద్దు. శని ఆదివారాలు అసలొద్దు. ఆ రెండు రోజులూ అది పిక్నిక్ స్పాట్, సెల్ఫీలు తప్ప ఇంకేమీ జరగవు.

మామూలు రోజున, కోత సీజన్‌లో, పొద్దున్నే వెళ్లాలి. టూర్ చెప్పే కుర్రాడు బట్టీపట్టింది చెప్తాడు. అది అయ్యాక, వైన్ తయారుచేసే వాళ్లు ఎవరైనా ఖాళీగా ఉంటే నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ ప్లాట్ ఎప్పుడు కత్తిరించారు? ఎకరానికి ఎంత తీశారు? తొక్కలతో ఎన్ని రోజులు ఉంచారు? ఎంత భాగం ఓక్‌లోకి వెళ్లింది? సమాధానాలు రాసుకుని అదే వైన్ రుచి చూడండి. పర్మిషన్ అడిగి ఒక కాయ కోసుకుని తినండి. రసం మింగేసి గింజని పళ్ల మధ్య కొరికితే, పచ్చగా ఉన్న గింజ నోరంతా పట్టేస్తుంది, గోధుమ రంగుకి తిరిగింది కరకరలాడి వేయించిన పప్పులా ఉంటుంది. తొక్క విడిగా నమలండి. షిరాజ్ తొక్క నలిపితే వేళ్లకి ఊదా రంగు అంటుకుంటుంది, ఆ రంగే సీసాలోకి వస్తుంది.

పాత_మ్యాపులు
ఇక్కడ అందరూ ప్రయాణాన్ని మరీ ఆకాశానికెత్తుతున్నారు. నేను ఒప్పుకోను. చేతిలో ప్రశ్న లేకుండా తోటకి వెళ్తే ఎక్కడ చూసినా ఆకులే. ఫ్రాన్స్‌లో బర్గండీ వెళ్లొచ్చిన వాళ్లు పెట్టే ఫోటోలు చూడండి, అన్నీ ఒకేలా ఉంటాయి. అక్కడ క్లో ద వూజో అనే తోటలో ఒక్క గోడ లోపల 50 హెక్టార్లు, దాదాపు 80 మంది యజమానులు. పై వైపు వాలు ఒక రకం, రోడ్డు పక్కన తడి నేల ఒక రకం. ఇది ముందే మ్యాప్‌లో చూసి, ఇద్దరు యజమానుల సీసాలు తాగి ఉంటే, ఆ గోడ దగ్గర నిలబడినప్పుడు ఏదో తెలుస్తుంది. లేకపోతే అది రాతి గోడ, అంతే. ముందు మ్యాపు, తర్వాత సీసా, ఆ తర్వాత టికెట్.

లివర్‌మోర్_బావ
పాత_మ్యాపులు గారూ, సగం ఒప్పుకుంటా. బే ఏరియాలో ఉంటాను. ఇక్కడికి అమ్మానాన్నలు వస్తే అందరూ నాపా తీసుకెళ్తారు, ట్రాఫిక్‌లో సగం రోజు, రుచి ఫీజు జేబుకి చిల్లు. పక్కనే లివర్‌మోర్ ఉంది, తెలుగువాళ్లు ఉండే ప్లెసంటన్, డబ్లిన్ నుంచి పది మైళ్లు దాటదు. అక్కడి వెంటే, కన్కానన్ వైనరీలు రెండూ 1883 నాటివి. కాలిఫోర్నియా షార్డొనేల్లో చాలా భాగం వెంటే తోటల నుంచి వెళ్లిన అంట్లే. ఏ తయారీ లేకుండా ఊరికే వెళ్లడం మొదలుపెట్టాను. తీగల మధ్య గులకరాళ్లు చూసి, ఎందుకున్నాయని అడిగి, అప్పుడు పుస్తకం తెరిచాను. చూసింది చదివితే ఎక్కుతుంది నాకు.

పాత_మ్యాపులు
మీకు ప్రతి వారం వెళ్లే వీలుంది బావగారూ. హైదరాబాద్ నుంచి వెళ్లేవాడికి ఒక్కసారే ఛాన్స్. ఖాళీ బుర్రతో వెళ్తే మళ్లీ టికెట్ ఎవరు కొంటారు?

టిబిలిసి_తమ్ముడు
జార్జియాలో ఎంబీబీఎస్ చేస్తున్నా. ఇక్కడ కఖేతి ఊళ్లలో క్వెవ్రి అని పెద్ద మట్టి కాగులు, మెడ దాకా నేలలో పాతిపెడతారు. తెల్ల ద్రాక్ష రకాట్సితేలిని తొక్కలతో సహా అందులో వేసి నెలల తరబడి ఉంచుతారు, రంగు తేనె రంగుకి తిరుగుతుంది. తెల్ల ద్రాక్షే కానీ నోరంతా వగరు. యునెస్కో 2013లో ఈ పద్ధతిని గుర్తించింది. వగరు_పిల్ల గారి టీ పరీక్ష చదివాక, ఇక్కడ హాస్టల్ పక్క షాపులో దొరికే వైన్‌కి ఇన్నాళ్లూ చిగుళ్లు ఎందుకు పట్టేస్తున్నాయో ఇప్పుడు తెలిసింది.

తాటివనం
అనాటమీ కూడా ఇంత శ్రద్ధగా చదువు తమ్ముడూ.

బంజారా_భోజనం
నాసిక్ నాసిక్ అంటున్నారు, హైదరాబాద్‌కి దగ్గర్లో ఉన్నవి ఎవరూ చెప్పలేదు. హంపి కొండల దగ్గర, కొప్పళ జిల్లాలో కృష్మా ఎస్టేట్స్ అనే వైనరీ మన హైదరాబాద్ వాళ్లదే. గ్రాన్యూల్స్ ఇండియా స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులది. ఇద్దరూ ఖండాలన్నీ తిరిగి మారథాన్లు పరిగెత్తినవాళ్లు. వాళ్ల క్యాబర్నే దేశంలో మంచి పేరున్న వాటిలో ఒకటి. అయితే అది టూరిస్ట్ స్పాట్ కాదు, ముందు అడగకుండా గేటు దగ్గరికి వెళ్లొద్దు. బెంగళూరు హైవే పట్టుకుంటే నంది హిల్స్ దిగువన గ్రోవర్. సోలాపూర్ హైవే పట్టుకుని అక్లూజ్ వైపు తిరిగితే ఫ్రాతెల్లి. మూడు వైపులా మూడు రకాల నేలలు, ఎత్తులు. నంది హిల్స్ దగ్గర రాత్రి చల్లగా ఉంటుంది, పులుపు నిలుస్తుంది. అక్లూజ్ ఎండ వేరు.

పాత_మ్యాపులు
దేశీ వైన్ తాగడం తప్పు కాదు. కానీ చదివే పుస్తకం యూరప్‌ది, పరీక్ష యూరప్‌ది. నాసిక్ షిరాజ్ తాగి, ఫ్రాన్స్‌లోని రోన్ సిరా (షిరాజ్‌కి అక్కడి పేరు) అంటే ఇదే అనుకుంటే పరీక్షలో బోల్తా పడతాడు.

బంజారా_భోజనం
దిగుమతి సుంకం 150 శాతం అన్న సంగతి గుర్తుందా సార్? ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022 డిసెంబర్ చివర్లో అమల్లోకి వచ్చాక, సీసా 5 డాలర్లు దాటితే 100కి, 15 డాలర్లు దాటితే 75కి దిగింది, పదేళ్లలో ఇంకా తగ్గాలి. కానీ దాని మీద రాష్ట్రం పన్ను, షాపు లాభం. అక్కడ మామూలుగా తాగేది ఇక్కడ పుట్టినరోజు సీసా అవుతుంది. సాధన చేయడానికి ఖర్చు లెక్క చూడాలి కదా.

వగరు_పిల్ల
ఇద్దరూ కరెక్టే, అందుకే జంటలుగా తాగండి. ఒకటి దేశీ, ఒకటి బయటిది, ద్రాక్ష ఒకటే. నాసిక్ సావిన్యాన్ బ్లాంక్ పక్కన న్యూజిలాండ్ మార్ల్‌బరోది. దేశీ షిరాజ్ పక్కన ఆస్ట్రేలియా బరోసాది. ఒక్కదాన్ని విడిగా తాగితే గుర్తుండదు, పక్కపక్కన పెడితే తేడా దానంతటదే పైకి వస్తుంది. ఇంకా చవకైన జంట: ఒకే ఎర్ర వైన్, ఒక గ్లాసు ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట అయ్యాక, ఇంకో గ్లాసు మన మే నెల గదిలో ఉన్నది. రెండోది ఉత్త స్పిరిట్ మంట. "రూమ్ టెంపరేచర్" అని వాళ్లు రాసింది 16, 18 డిగ్రీల గది గురించి.

గచ్చిబౌలి_గ్లాసు, నీ ఫ్రెండ్ ఏ సీసాలు తెచ్చాడో అడుగు. మన దగ్గర చాలా ఎరుపుల్లో క్యాబర్నే, షిరాజ్ రెండూ కలిపేస్తారు. గ్రోవర్ లా రిజర్వ్ అలాంటిదే.

చాదర్‌ఘాట్_చమత్కారం
అసలు విషయం ఎవరూ చెప్పట్లేదు. బిర్యానీతో ఏది?

బంజారా_భోజనం
ఓక్ బాగా పట్టిన ఎరుపు మాత్రం కాదు. కారం నోట్లో ఉంటే ఆల్కహాల్ మంట రెట్టింపు, వగరు చేదెక్కుతుంది. కాస్త తీపి మిగిలిన తెల్లవి, షెనిన్ బ్లాంకో, రీస్లింగో, బాగా చల్లగా. మిర్చీ కా సాలన్ పోసుకుంటే ఇంకా అవసరం.

హోటల్_బాబాయ్
స్పార్కిలింగ్ వైన్‌కే నా ఓటు. నెయ్యి, మసాలా తర్వాత బుడగలు నోరు కడిగేస్తాయి.

అమీర్‌పేట_అకౌంట్స్
బుడగలే కావాలంటే థమ్సప్ ఉంది కదా బాబాయ్.

బేగంబజార్_ముక్కు
గోంగూర మాంసం దగ్గరికి వచ్చేసరికి అసలు పరీక్ష. కూర పులుపు వైన్ పులుపుని మించితే వైన్ చప్పగా నీళ్లలా అయిపోతుంది. నేను సావిన్యాన్ బ్లాంక్ పెట్టి చూశా, అది నిలబడింది. మెత్తటి మెర్లో ఎరుపు కుప్పకూలింది. ఆవకాయ దగ్గర మాత్రం ఏదీ నిలబడదు, మంచినీళ్లు తాగండి.

గచ్చిబౌలి_గ్లాసు
ఇంకో డౌట్. మా వీధి చివర వైన్స్‌లో అడిగితే దుమ్ము పట్టిన పోర్ట్ వైన్ సీసా ఇచ్చాడు. పుస్తకంలో పోర్ట్ అంటే పోర్చుగల్ కదా?

హోటల్_బాబాయ్
అసలు పోర్ట్ పోర్చుగల్‌లోని డోరో లోయది. ద్రాక్షరసం సగం పులిసేసరికి 77 శాతం ద్రాక్ష స్పిరిట్ పోసి పులియడం ఆపేస్తారు. తీపి మిగిలిపోతుంది, ఆల్కహాల్ 19, 20కి చేరుతుంది. నీ చేతికిచ్చింది ఆ పేరు పెట్టుకున్న దేశీ తీపి వైన్. పోలిక లేదు.

సీసా ఎక్కడ కొంటున్నావన్నది ముఖ్యం. షట్టర్ ఎదురుగా ఎండ పడే షెల్ఫ్‌లో నిలబెట్టిన సీసాని ముట్టుకోవద్దు. మన ఎండాకాలం రెండు దాటిందంటే అది ఉడికిపోయినట్టే. ఏసీ ఉన్న కొట్టుకెళ్లు, వెనక లేబుల్ మీద బాట్లింగ్ నెల చూడు, బెరడు మూత అయితే పైకి పొడుచుకొచ్చిందా, మెడ దగ్గర కారిన మరక ఉందా చూడు. తెల్లది, రోజే (గులాబీ రంగు వైన్) అయితే కొత్తదే తీసుకో. ఇంట్లో ఫ్రిజ్ కూరగాయల అరలో పెట్టు, డోర్‌లో వద్దు.

దేవగిరి_స్లీపర్
నాసిక్‌లో ఫ్రెష్‌గా కొనుక్కొచ్చేయొచ్చు కదా అనుకునేవాళ్లకి: పర్మిట్ లేకుండా వేరే రాష్ట్రం మందు తెలంగాణలోకి తేవడం నేరం. అక్కడే తాగి, నోట్స్ మాత్రం తెచ్చుకోండి. విదేశం నుంచి వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో మనిషికి 2 లీటర్లు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు.

లివర్‌మోర్_బావ
ఆ రెండు లీటర్లూ మా బావమరిది విస్కీకే పోతాయి. ఏళ్లుగా పోరాడుతున్నా.

అడ్మిన్
21 ఏళ్లు నిండని వాళ్లు ఈ చర్చ చదివినా సీసాల దగ్గరికి వెళ్లొద్దు. అమ్మకం, "నా దగ్గర ఎక్స్‌ట్రా సీసా ఉంది" లాంటి పోస్టులు తీసేస్తాం. ఇప్పటికే ఒకటి తీసేశాను.

గచ్చిబౌలి_గ్లాసు
ఫీజు సంగతి వాయిదా వేశాను. నెలకో శనివారం ఎవరింట్లోనైనా కూర్చుందామా? ఆరుగురైతే చాలు. 50 మి.లీ. చొప్పున పోస్తే ఒక సీసాలో 15 వస్తాయి, అంటే మూడు గ్లాసుల పరీక్షకి రెండు సీసాలు సరిపోతాయి. ఖర్చు ఆరు భాగాలు. మొదటి జంట సావిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్.

వగరు_పిల్ల
నేను రెడీ. ఒక కండిషన్. అందరూ రాసేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. ఒక్కడు "జామ" అన్నాడంటే మిగతా ఐదుగురికీ జామే వస్తుంది.

పాత_మ్యాపులు
నేనూ వస్తాను. మ్యాపులు తెస్తాను.

తాటివనం
పోసేవాడు కావాలి కదా, ఆ పని నాకివ్వండి. నాకు దేని మీదా అభిప్రాయం లేదు, పక్షపాతం ఉండదు.

శామీర్‌పేట_రైతుబిడ్డ
మా ఇల్లు దూరం, లేకుంటే మా దగ్గరే పెడుదుము. జనవరిల నాసిక్ పోతే మాత్రం నన్ను పిలువుండ్రి. మా నాయన్ని గూడ తెస్త, గుత్తులు ఎందుకు పారేస్తుండ్రో ఆయనకి వాళ్లే చెప్పాలె.

హోటల్_బాబాయ్
ఎవరూ బండ్లు తేవద్దు, మెట్రోలో రండి. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర మీ టేస్టింగ్ నోట్ పోలీసులు రాస్తారు. ఉమ్మడానికి ఒక్కొక్కరికీ ఒక మగ్గు, రంగు కనిపించేలా టేబుల్ మీద తెల్ల కాగితం, మధ్యలో ఉప్పు లేని బ్రెడ్డు. పెర్ఫ్యూమ్, అగరబత్తి వద్దు. గ్లాసులు నేను తెస్తాను, 215 మి.లీ. ఐఎస్ఓ గ్లాసులు (టేస్టింగ్ కోసం చేసినవి) ఒక డజను ఉన్నాయి. ఆరుగురికి మూడేసి అంటే 18 కావాలి, మిగతా ఆరు ఎవరి దగ్గరున్నాయో చెప్పండి. కాడ ఉన్నవే కావాలి, అన్నీ ఒకే సైజువి.